అడిగింది రెండు బొమ్మలు, మూసింది నా ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: మీ రౌటర్ యాంటెన్నా గురించి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండానే ఫిర్యాదు మూసేయడం గురించి.

నమస్కారం. ఈ ఉత్తరం మీ బల్ల దాకా వస్తుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. రానివ్వకుండా చూడటమే ఉద్యోగంగా పెట్టుకున్నవాళ్లు మీ దగ్గర చాలామందే ఉన్నారని ఈ మధ్యే తెలిసింది. అయినా రాస్తున్నాను.

మీ కొత్త రౌటర్ కొన్నాను. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, బిల్లు కాపీ అన్నీ మీవాళ్లు అడిగిన ప్రతిసారీ పంపాను. మళ్లీ పంపను, వెతుక్కోండి. రౌటర్ ఉన్న అంతస్తులో ఏ మూలకెళ్లినా సిగ్నల్ దివ్యంగా ఉంది. సరిగ్గా దాని నెత్తిన ఉన్న పై గదిలో మాత్రం వీడియో కాల్ నిలబడదు. దీనికి ముందు వాడిన పొట్టి యాంటెన్నాల రౌటర్ కూడా మీదే. అదే చోట కూర్చుని అదే గదికి ఏ పేచీ లేకుండా సిగ్నల్ ఇచ్చేది. అందుకే అడిగాను: ఈ కొత్త యాంటెన్నా ఏ దిక్కుకు ఎంత పంపుతుంది? దాని రేడియేషన్ ప్యాటర్న్ బొమ్మ ఇస్తారా? అడ్డంగా చూస్తే ఒకటి, నిలువుగా చూస్తే ఒకటి, మొత్తం రెండు బొమ్మలు. యాంటెన్నా డిజైన్ చేసినవాళ్ల దగ్గర అవి లేకుండా ఉండవు.

మొదట మీ చాట్‌బాట్. ‘యాంటెన్నా’ అని టైప్ చేయగానే, సిగ్నల్‌ను ఇంకాస్త దూరం అందించే ఎక్స్‌టెండర్ కొనమని లింకు ఇచ్చింది. అంటే ఆ యాంటెన్నాతో పని జరగదని మనుషుల కంటే ముందు దానికే అర్థమైందన్నమాట. మీ సంస్థలో నాకు తగిలిన ఏకైక నిజాయితీపరురాలు అదే.

తర్వాత ఫోన్. పాటంతా విన్నాక ఒకబ్బాయి లైన్‌లోకి వచ్చి "రీస్టార్ట్ చేశారా సార్" అన్నాడు. చేశానన్నాను. "ఇప్పుడు మరొక్కసారి చేయండి సార్, నేను లైన్లోనే ఉంటాను" అన్నాడు. ఉండలేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి ఒకమ్మాయి. కథ మొదటి నుంచీ చెప్పించుకుని, "మీ స్లాబ్ మందం అయ్యుంటుంది సార్" అంది. పాత రౌటర్ ఉన్నప్పుడు ఆ స్లాబ్ పల్చగా ఉండేదా అని అడిగితే సీనియర్‌కి కలుపుతానంది. ఆ సీనియర్ గారు తప్పంతా నా ఫోన్‌దే అన్నారు. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనూ ఆ గదిలోకి వెళ్లగానే ఒకేసారి చెడిపోతోంది కాబోలు. యాంటెన్నా ఏ దిక్కుకు బాగా పంపుతుందో ఆ దిక్కు నుంచే బాగా వింటుంది కూడా. పై గదికి సరిగా పంపలేనిది, అక్కడి నుంచి ఫోన్ పంపేదాన్నీ సరిగా అందుకోలేదు. అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ అక్కడే పడిపోవడం అందుకే. ఇది చెబుతుంటే సీనియర్ గారు నన్ను హోల్డ్‌లో పెట్టారు.

అసలు ఆణిముత్యం మీ ‘టెక్నికల్ ఎక్స్‌పర్ట్’ నోట రాలింది. "ఇది 9 డీబీఐ హై గెయిన్ సార్, అన్ని వైపులా పవర్ ఎక్కువే వస్తుంది" అన్నారు. గెయిన్ అంటే యాంటెన్నా ఒక దిక్కుకు ఎంత పోగేసి పంపుతుందో చెప్పే కొలత, డీబీఐ దాని యూనిట్. అయ్యా, ఆ గొట్టంలో పవర్ పుట్టదు. లోపలి ట్రాన్స్‌మిటర్ ఇచ్చినదాన్ని పంచడమే దాని పని. దుప్పటి తల మీదికి లాక్కుంటే కాళ్లు బయటపడవూ? ఇదీ అంతే. నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా గెయిన్ పెంచారంటే పైకీ కిందికీ పోయేదాన్ని తగ్గించి చుట్టుపక్కలకు తోశారని అర్థం. మామూలు హాఫ్‌వేవ్ డైపోల్ (తరంగం పొడవులో సగముండే సాదా కడ్డీ యాంటెన్నా) గెయిన్ 2.15 డీబీఐ, నిలువులో దాని బీమ్, అంటే సిగ్నల్ బలంగా పోయే మేర, సుమారు 78 డిగ్రీల వెడల్పు ఉంటుంది. 9 డీబీఐకి వచ్చేసరికి అది పల్చటి పొరలా అయిపోతుంది. ఇక కడ్డీ కొస చూపే దిక్కున డైపోల్‌కైనా దాదాపు సున్నాయే. నా పై గది ఉన్నది సరిగ్గా ఆ కొస మీదే.

పాపం ఆయన్ని అనుకుని ఏం లాభం, మీ అట్టపెట్టె మీదే ‘అన్ని దిక్కులకూ సమానంగా’ అని ఉంది. దాని పక్కనే 9 డీబీఐ అనీ ఉంది. ఇవి రెండూ ఒకే యాంటెన్నాకు ఎలా కుదురుతాయి? అన్ని దిక్కులకూ సమానంగా పంచేది లెక్కల కోసం పెట్టుకున్న ఊహా యాంటెన్నా ఒక్కటే, దాని గెయిన్ 0 డీబీఐ. 9 అన్నదే దాంతో పోల్చి చెప్పే అంకె. సమానంగా పంచితే 9 రాదు, 9 వచ్చిందంటే సమానంగా పంచలేదు. మీ ‘అన్ని దిక్కులూ’ అడ్డంగా 360 డిగ్రీలు తిరిగే వలయానికే, నెత్తి మీదికి కాదు. ఇది ముద్రించే ముందు మీ ఇంజినీర్లలో ఒక్కరినైనా అడిగారా?

పోనీ వంచుకుందామంటే యాంటెన్నాను కదలకుండా బిగించేశారు. కనీసం ఒక కీలు పెట్టి ఉంటే పక్కకు వాల్చి పై గదికి కాస్త సిగ్నల్ పంపుకునేవాణ్ణి, మీకు ఈ ఉత్తరం చదివే బాధ తప్పేది.

చివరికి ఒక టెక్నీషియన్‌ను పంపారు. రౌటర్ పక్కన నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, వేలితో అంకెలు చూపించి "సూపర్ ఉంది సార్" అన్నాడు. పైకి రమ్మన్నాను. "టికెట్‌లో పైగది అని లేదు సార్" అని, స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్లిపోయాడు. అతను గేటు దాటకముందే మెసేజ్: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? నా ఒళ్లు మండింది అక్కడే. సిగ్నల్ రాకపోతే తంటాలు పడతాం. రావడం లేదని మొత్తుకుంటున్న మనిషికి వచ్చేసిందని చెప్పడం ఏం మర్యాద?

ఏళ్ల తరబడి మీ సరుకే కొన్నాను. మా బంధువుల ఇళ్లల్లో ఉన్న మీ రౌటర్లలో సగం నేను చెబితే కొన్నవే. వాళ్లందరికీ ఇప్పుడు ఏం చెప్పాలో మీరే సెలవివ్వండి.

ఆ రెండు బొమ్మలూ పంపండి. అవి చూసి ఈ రౌటర్ ఉంచుకోవాలో, మీ ముఖాన కొట్టి డబ్బు వెనక్కి తీసుకోవాలో నేను నిర్ణయించుకుంటాను. వంచడానికి వీలున్న తక్కువ గెయిన్ యాంటెన్నాలు ఇచ్చినా వద్దనను. పెట్టె మీద ఆ మాట మాత్రం మార్చి తీరాలి. లేదంటే పెట్టె ఫోటో, టెక్నీషియన్ స్క్రీన్‌షాట్, మీ స్టార్ల మెసేజ్ అన్నీ కలిపి వినియోగదారుల కమిషన్‌కు పంపుతాను. అక్కడ మీ తరఫున ఎవరొచ్చినా, రీస్టార్ట్ చేశారా అని జడ్జి గారిని అడగొద్దని ముందే చెప్పి పంపండి.

ఇట్లు,
మీ లెక్కల్లో సమస్య తీరిపోయిన కస్టమర్