మన జీన్ లైబ్రరీ వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీ పెట్టాలంటే రిపోర్టు ఉండాలంట, రిపోర్టు సెక్రటరీయే రాయాలంట, అందుకని రాస్తున్నా. పోయినేటి రిపోర్టు ఎవరూ చదవలేదని నాకు తెలుసు, అందులో మూడో పేజీ రెండుసార్లు పడినా ఒక్కళ్ళు కూడా అడగలేదు. ఈసారన్నా చదవండి, ఎవరు ఏం పని చేశారో ఉంది. చెయ్యనివాళ్ళ పేర్లు రాయలేదు లెండి, వాళ్ళకి తెలుసు.

ఈ ఏడాది కూడా మన బోర్డు చూసి లోపలికొచ్చి జీన్ ప్యాంట్లు ఎంత అని అడిగినవాళ్ళు ఉన్నారు. మ్యాగజైన్ అన్న మాటకి తోక ఇది, 1940లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానులు తమ సొంత పత్రికలకి ఫ్యాన్‌జీన్ అని పేరు పెట్టుకుంటే అందులోంచి జీన్ మిగిలింది, ఎవరికి వాళ్ళు రాసుకుని జెరాక్స్ తీసి పంచుకునే చిన్న పుస్తకం, అంతే. మీకు తెలిసిందే. కానీ ఇదే ముక్క బోర్డు కింద రాయించాలని మూడు మీటింగుల్లో తీర్మానం చేసి ఇంకా రాయించలేదు కాబట్టి మళ్ళీ గుర్తు చేస్తున్నా.

ఇక అసలు సంగతి, మన విశాఖలో జాలర్లుండే పెదజాలరిపేటలో పెట్టిన వర్క్‌షాప్. ఇది మాత్రం గొప్పగానే చెప్పుకుంటా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం, మగవాళ్ళు ఇళ్ళ దగ్గరే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, పిల్లలకి వేసవి సెలవులు, వర్క్‌షాప్ పెట్టడానికి అంతకన్నా మంచి టైమ్ ఉండదని మన ప్రెసిడెంట్ గారు రెండేళ్ళుగా చెప్తున్నారు. సరే అని పర్మిషన్ కోసం ఒక ఆఫీసుకి వెళ్తే అప్పుడు ఎలక్షన్ కోడ్ నడుస్తోంది. శాంపిల్‌గా పట్టుకెళ్ళిన మన మడత పుస్తకం అటూ ఇటూ తిప్పి, దీనిమీద ప్రింటర్ పేరేది, పబ్లిషర్ పేరేది, ఏ పార్టీది అన్నారు. ఎన్నికల కరపత్రం మీద ఆ రెండూ ఉండాలన్నది నిజమే, చట్టంలోనే ఉంది, కానీ మాది ఇడ్లీ పిండి పులవడం గురించిన జీన్ అండీ. మొదటి పేజీలోనే గ్రైండర్ బొమ్మ ఉంది. ఆ గుర్తు ఎవరిదని అడిగారు! నాలుగుసార్లు తిరిగాం, సార్ లేరు, సార్ డ్యూటీకి వెళ్ళారు, రేపు రండి. చివరికి ఊరి పెద్దలే గుడి పక్కన షెడ్డులో పెట్టుకోండమ్మా, మాకెందుకు చెప్పరు అన్నారు. మే 13న పోలింగ్ అయిపోయింది, 19 ఆదివారం పొద్దున పెట్టేశాం.

ఏ4 కాగితం మడిచి ఎనిమిది గళ్ళు చెయ్యడం, మళ్ళీ విప్పి సగానికి మడిచి మడత వైపు నుంచి మధ్యదాకా ఒక్క కోత, ఇంతే కదా మనం నేర్పేది. ఒక చిన్నపిల్ల మడత వైపు కాకుండా చివర్ల వైపు నుంచి కత్తిరించేసింది. విప్పితే పుస్తకం రాదు, నాలుగు కాళ్ళొచ్చాయి. ఏడుస్తుందేమో అని ఇంకో కాగితం ఇవ్వబోతే, ఇది పీత అంది. కళ్ళు పెట్టింది, డెక్కలు గీసింది, ఒక్కో కాలి మీద ఒక్కో ముక్క రాసింది, ఎక్కడ ఉంటాది, ఏం తింటాది, ఎలా పట్టాలి, ఎలా వండాలి. ఇప్పుడు మన అలమరలో అన్నిటికన్నా ఎక్కువమంది తీసి చూసే జీన్ అదే. పక్కకి నడిచే జీన్ అని మన ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) చెల్లెళ్ళు పేరు పెట్టారు.

దాని తర్వాత జరిగింది ఇంకా బాగుంది. చేపలమ్మే ఒకమ్మ దూరంగా కూర్చుని చూస్తోంది, మీరూ ఒకటి చెయ్యండమ్మా అంటే, నాకు సదువు నేదు బాబూ అంది. చెప్పండి చాలు, పిల్లలు రాస్తారు అన్నాం. మొదలుపెట్టింది చూడండి, మొప్ప ఎత్తి సూడాల, ఎర్రగా ఉండాల, కన్ను పైకి ఉండాల లోనకి పోకూడదు, యేలుతో నొక్కితే గుంట పడి ఉండిపోతే ఆ సేప కొనకు. వంజరం ఎలా, చందువా ఎలా, కవళ్ళు ఎలా, కానాగంతలు ఎలా, నెత్తళ్ళు ఎండబెట్టేటప్పుడు ఇసక మీద వెయ్యకూడదని, ఐసులో పెట్టిన చేపకీ పొద్దున దిగిన చేపకీ చర్మం మీద తేడా ఎలా కనిపెట్టాలని, రాసే పిల్లాడికి చెయ్యి నొప్పొచ్చింది. ఆమె మాట ఎలా ఉంటే అలాగే రాయమన్నాం, సేప అంటే సేప అనే. మన సభ్యుల్లో ఒక మాస్టారు తర్వాత దాన్ని చేప అని దిద్దబోయారు, నేను ఒప్పుకోలేదు, ఆ గొడవ మినిట్స్‌లో ఉంది. జెరాక్స్ తీసి ఇస్తే ఆమె తన బుట్టలో పెట్టుకుని అమ్మకానికి తీసుకెళ్ళింది, చేప కొన్నవాళ్ళకి పుస్తకం ఫ్రీ. మనం రూములో కూర్చుని ఏడాదంతా పంచలేనన్ని కాపీలు ఆమె పదిరోజుల్లో పంచేసింది, మళ్ళీ కావాలని కబురు పెట్టింది.

హుద్‌హుద్ వర్క్‌షాప్ గురించి కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న తుపాను, పదేళ్ళయిందని సరిగ్గా అదే తేదీకి పెట్టాం, క్యాలెండర్ చూడలేదు, ఆ రోజు దసరా. ఎవరొస్తారు? మర్నాడు ఆదివారానికి మార్చి అందరికీ మళ్ళీ ఫోన్లు చేశాం. వచ్చినవాళ్ళు తక్కువే కానీ తెచ్చినవి మామూలువి కావు. కరెంటు లేని రోజుల్లో జనరేటర్ ఉన్న షాపులో ఫోన్ చార్జింగ్‌కి డబ్బులు తీసుకున్నారని ఒకాయన, పాల ప్యాకెట్ కోసం క్యూలో పరిచయమైన ఆవిడే తర్వాత వియ్యపురాలైందని ఒకావిడ, కైలాసగిరి కొండ బోడిగుండులా కనిపించిన పొద్దున మా నాన్న మాట్లాడలేదని ఒక కుర్రాడు. అవన్నీ కలిపి పదహారు పేజీల పుస్తకం. పదహారు పేజీలంటే నాలుగు కాగితాలు, ఒకటో పేజీ పక్కన పదహారు, రెండు పక్కన పదిహేను, ఎప్పుడు కూడినా పదిహేడు రావాలి, ఈ ముక్క నేను ఎన్నిసార్లు చెప్పినా డీటీపీ షాపుకి వెళ్ళేసరికి వరసగా ఒకటి రెండు మూడు అని పెట్టించేస్తున్నారు. పైగా మనం ఫోన్లో యూనికోడ్‌లో టైప్ చేస్తాం, వాళ్ళకి అను అనే వేరే రకం ఫాంట్లు కావాలి, మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. హుద్‌హుద్ కాస్తా హుదహుద అయ్యింది. రెండుసార్లు ప్రింట్ తీయించాల్సి వచ్చింది.

ఇంకో పాఠం మనకి మన సముద్రమే నేర్పింది. వానల తర్వాత అలమర సర్దుతుంటే స్టాప్లర్ పిన్నులన్నీ తుప్పు, మధ్య పేజీల్లో ఎర్ర మరకలు, రెండేళ్ళ నాటి జీన్‌లు పట్టుకుంటే విడిపోయాయి. పూర్ణా మార్కెట్ వైపు లెక్కల పుస్తకాలు బైండింగ్ చేసే ఒక తాతగారిని బతిమాలి తీసుకొచ్చాం. సముద్రం గాలిలో ఇనుము కొట్టుకుంటారా అని నవ్వి, దారం కుట్టు చూపించారు. మూడు చిల్లులు, మధ్య చిల్లులోంచి లోపలికి, పై దాంట్లోంచి బయటికి, కింది దాంట్లోంచి లోపలికి, మళ్ళీ మధ్యలోంచి బయటికి తెచ్చి పొడుగు దారం మీద ముడి. అంతే. పిన్నులు పీకి కుట్లు వేసే పని ఇంకా సగం కూడా అవ్వలేదు, ఎవరి ఇంట్లోనైనా టీవీ చూస్తూ చెయ్యొచ్చు, ఒక కట్ట పట్టుకెళ్ళండి అంటే అందరూ వాచీ చూసుకుంటున్నారు.

మార్చిలో మన ఊరి కాగితాలు అని ఒక సాయంత్రం పెట్టాం. 1968లో దిగంబర కవులు, అదే ఆ తిరుగుబాటు కవుల గుంపు, తమ మూడో సంపుటిని ఇక్కడే, అర్ధరాత్రి, ఒక బిచ్చగత్తె చేత ఆవిష్కరింపజేశారు. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలప్పుడు విశాఖ విద్యార్థులు పంచిన కరపత్రం రచయితలని రెచ్చగొట్టింది, ఆ ఏడే విరసం (విప్లవ రచయితల సంఘం) పుట్టింది. జీన్ అంటే ఫారిన్ సరుకు అనేవాళ్ళకి ఇదే నా సమాధానం. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పాత యూనియన్ కరపత్రాల కట్ట ఇచ్చారు, ఇంట్లో వాళ్ళు పాతపేపర్ల బండికి వెయ్యబోతుంటే లాక్కొచ్చారంట. ఆయనకి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

లెక్కలు ట్రెజరర్ గారు విడిగా చదువుతారు. క్లుప్తంగా, ఎక్కువ ఖర్చు జెరాక్స్, తర్వాత అద్దె, ఆ తర్వాత టీలు. టీల మీద ప్రశ్న వస్తుందని తెలుసు, వర్క్‌షాప్‌కి వచ్చిన పిల్లలకి బిస్కెట్లు కూడా అందులోనే ఉన్నాయి. చందా బాకీలున్నవాళ్ళు మీటింగ్ రోజే కట్టేయండి, లేకపోతే ఓటు లేదు.

థాంక్స్ చెప్పాల్సినవాళ్ళు చాలామంది. పెదజాలరిపేట పెద్దలకి, చేపలమ్మకి, తాతగారికి, బస్సు మారి గాజువాక నుంచి వచ్చి కాగితాలు మోసిన అన్నయ్యకి, ఏయూ చెల్లెళ్ళిద్దరికి, అప్పు మీద జెరాక్స్ తీసిన షాపతనికి, తలుపు చెక్క ఉబ్బి తెరుచుకోనప్పుడు భుజంతో గుద్ది తెరిచే పక్కింటి బాబుకి, ఇంత తిరుగుళ్ళనీ భరించిన మా ఆవిడకి.

ఇప్పుడు శనివారం డ్యూటీ. లిస్టులో పన్నెండు మంది ఉన్నారు, తాళం తీసేది ముగ్గురం. గ్రూపులో బొటనవేలు బొమ్మలు పెట్టడానికి అందరికీ టైమ్ ఉంటుంది. ఒక శనివారం గోపాలపట్నం నుంచి ఒక తల్లీ కూతురూ మన పీత జీన్ చూద్దామని వచ్చి, తాళం చూసి, మెట్ల మీద గంట కూర్చుని వెళ్ళిపోయారంట, పక్కింటి బాబు చెప్పాడు. ఆ రోజు డ్యూటీ ఎవరిదో లిస్టులో చూసుకోండి. రానివాళ్ళు రానని ముందు రోజు చెప్తే నేనే వస్తా కదా.

కొత్త కమిటీ ఎన్నిక మీటింగ్‌లోనే. ఆ లిస్టు పదిహేను రోజుల్లో రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి, కాబట్టి నిలబడదలచుకున్నవాళ్ళు ముందే చెప్పండి, సెక్రటరీ పోస్టుకి పోటీ ఉంటే నాకు చాలా సంతోషం. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న లైబ్రరీ జీన్‌లు, ఒక సూది తెచ్చుకోండి, దారం నేను తెస్తా. పొడుగు చెయ్యి స్టాప్లర్ సంక్రాంతి నుంచి కనబడట్లేదు, మనకి ఇక అక్కర్లేకపోయినా అది ఒక స్కూల్ నుంచి తెచ్చిన అరువు వస్తువు, ఎవరి దగ్గరుందో వాళ్ళు ఏం అనకుండా గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్ళినా చాలు.