ఆసక్తి లేక కాదు, రాదేమోనన్న భయం

సంపాదకులు గారికి,

నమస్కారం. వయోజన విద్యా కేంద్రాలకు హాజరు పడిపోతోందని, నేర్చుకోవలసినవారిలోనే ఆసక్తి కొరవడిందని మీ జిల్లా పేజీల్లో ఇటీవల వచ్చిన వార్త చదివాను. హాజరు గురించి రాసినది నిజమే. కారణం విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేశాక, నరసాపురానికీ పాలకొల్లుకూ మధ్య కాలువగట్టునున్న మా ఊళ్లో నాలుగేళ్లుగా సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెబుతున్నాను. ఇన్నాళ్లలో నిజంగా ఆసక్తి లేనివారు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. తమకు చదువు రాదని, వచ్చే వయసు దాటిపోయిందని గట్టిగా నమ్మినవారు మాత్రం దాదాపు అందరూ. ఈ రెండు రకాలవారినీ బయటివారు విడదీసి చూడలేకపోవడానికి కారణం, అందరూ ఒకే మాట అనడం: "ఇప్పుడు నాకెందుకండీ ఈ చదువు?"

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఏడేళ్లు, ఆపై వయసువారిలో అక్షరాస్యులు 74.63 శాతం, తూర్పు గోదావరిలో 70.99 శాతం. రెండు పంటలు పండే ఈ డెల్టాలో కూడా నలుగురిలో ఒకరికి పైగా అక్షరానికి దూరంగా ఉండిపోయారన్నమాట. వారిలో ఎక్కువమంది చిన్నప్పుడు ఒకటో రెండో తరగతులు చదివి మానేసినవారేనని మా తరగతిని బట్టి నాకనిపిస్తోంది. అసలు బడి మొహం చూడనివారికంటే వీరికి చెప్పడమే కష్టం. చూడనివారికి చదువంటే కొత్త. చూసి మానేసినవారికి అది ఒకసారి ఓడిపోయిన పందెం.

మొదటి రోజుల్లో ఒకావిడ పలక ముట్టుకోవడానికే ఒప్పుకోలేదు. "నాది మట్టిబుర్రండీ టీచరు గారూ, లెక్కలస్సలు ఎక్కవండీ" అంటున్నంతసేపూ ఆమె ఒళ్లో లేసు అల్లిక ఆగలేదు. గొలుసు కుట్లు ఎన్ని వేశాక మలుపు తిప్పాలో, ఒక్క కుట్టు తప్పితే పువ్వు ఎక్కడ వంకర పోతుందో, ఏజెంటు ఇచ్చిన దారానికి ఎంత కూలి రావాలో ఆమె వేళ్లకు తెలుసు. ఇంకొకావిడ, కౌలు చెరువులో రొయ్యలు పెంచే కుటుంబం, కౌంటు సంగతి నాకే వివరించింది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు కాబట్టి, రొయ్య పెరిగేకొద్దీ కౌంటు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. పై తరగతుల పిల్లలు తల పట్టుకునే విలోమానుపాతం ఇదే. చెరువుగట్టు మీద నిలబడి నోటితో కట్టేసే ఈ లెక్కకు బడిలో ఒక పేరుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే మనం పొరపాటు చేస్తాం. "మీకు ఎంత తెలివో చూడండి" అని పొగుడుతాం. పెద్దవాళ్లు పొగడ్తను నమ్మరు. పసిపిల్లను బుజ్జగించినట్టు తమను బుజ్జగిస్తున్నారని ఇట్టే పసిగడతారు. నేను చేసినదల్లా లేసు అల్లే ఆవిడ నోటితో చెప్పిన లెక్కను ఆమె చెప్పిన వరుసలోనే అంకెల్లో పలక మీద రాసి, "మీరన్నది ఇదేనా, చూడండి" అని అడగడం. ఆమె కాసేపు చూసి, ఒక అంకె నేను తప్పు వేశానని చెప్పింది. నిజంగానే తప్పు వేశాను. లెక్కలు రావన్న మాట ఆ తర్వాత ఆమె నోట నేను వినలేదు.

ఒక సామెత గురించి కూడా చెప్పుకోవాలి. ఒకచోట వయోజన తరగతుల ప్రారంభ సభలో వేదిక మీది పెద్దమనిషి ఒకరు, బహుశా హాస్యానికే కావచ్చు, "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, అయినా మన ప్రయత్నం మనం చేద్దాం" అన్నారు. ముందు వరుసలో కొత్త పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు కడుపులో దేవినట్టయింది. ఈ మాటను చదువుకు అంటగట్టి, ఎదిగినవారి మీద పదేపదే ప్రయోగించడం మనకు ఎప్పుడు అలవాటైందో తెలియదు.

ఇతరుల తప్పులు ఎంచే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లే ఒకావిడ, ఆరు వారాల సాధన తర్వాత, తన పేరును మొదటిసారి నల్లబల్ల మీద రాసింది. ఒక ఒత్తు పోయింది. ముప్పై ఏళ్ల అలవాటుతో నేను ఆ పేరును ఆమె రాసినట్టే పైకి చదివాను. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. మర్నాటి నుంచి రాలేదు. కబురు పెడితే "షెడ్డులో పనెక్కువగా ఉందండీ" అన్న జవాబు. మూడు వారాల తర్వాత నేనే ఇంటికి వెళ్లి, చాలాసేపు వేరే సంగతులు మాట్లాడాక, ఆమె తన రెండో తరగతి సంగతి చెప్పింది: పలక పగిలిపోయి కొత్తది కొనలేక వట్టి చేతులతో బడికి వెళితే గోడకుర్చీ వేయించారట, తోటిపిల్లలు నవ్వారట. ఆ నవ్వునే నేను నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఆమెకు వినిపించానన్నమాట. క్షమించమన్నాను. అప్పటి నుంచి మా తరగతిలో తప్పు దిద్దడమంటే పక్కన చాప మీద కూర్చుని, ఎవరి పలక మీద వారికే, మెల్లగా చెప్పడం. నల్లబల్ల నేను రాయడానికే.

కళ్ల విషయం ఎవరూ పట్టించుకోరు గనుక దానికి కాస్త చోటిస్తున్నాను. నలభై దాటినవారికి చత్వారం వస్తుందని అందరికీ తెలుసు. వయోజన విద్యా తరగతిలో కూర్చున్నవారిలో చాలామంది నలభై దాటినవారేనన్న సంగతి మాత్రం గుర్తుండదు. ద, ధ, థ మధ్య తేడా అడుగున చిన్న గీత, మధ్యలో ఒక చుక్క. ఒత్తులూ గుణింతాల గుర్తులూ అసలే చిన్నవి. వీధి దీపం వెలుగులో, చత్వారం వచ్చిన కళ్లకు, అవన్నీ ఒకటే మసక. మా తరగతిలో ఒకావిడ ఏడు నెలలు "ఒత్తులు నా తలకెక్కవు" అనుకుంటూ గడిపింది, నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు పుస్తకాన్ని చేతులు చాచినంత దూరం పెట్టి చూస్తుంటే గాని నాకు వెలగలేదు. కంటి పరీక్ష చేయించి కళ్లద్దాలు ఇప్పించాక, పదిహేను రోజుల్లో తడబాటు సగానికి తగ్గింది. ఏడు నెలల పాటు చూపు లోపాన్ని బుద్ధి లోపమని నమ్మిన మనిషికి ఆ నమ్మకం పోవడానికి మాత్రం అంతకంటే ఎక్కువ కాలమే పట్టింది. పలకా పుస్తకమూ ఇచ్చే ముందు కంటి పరీక్ష జరగాలని అధికారులను కోరుతున్నాను.

తొలి పంట సార్వా ఊడ్పుల వేళ, కోతల వేళ మా తరగతి సగం ఖాళీ అవుతుంది, రెండో పంట దాళ్వాకూ అంతే. పని ముగిశాక తిరిగి రావడానికి చాలామందికి మొహం చెల్లదు, "అందరూ ముందుకెళ్లిపోయుంటారు, నేను మళ్లీ మొదటికొచ్చాను" అన్న దిగులు. మా పంటల క్యాలెండరు చూసి పాఠాల క్యాలెండరు వేసుకుంటే ఈ దిగులు చాలావరకు పుట్టదు. తిరిగి వచ్చినవారికి నేను వారి పాత నోటు పుస్తకమే ఇస్తాను. ప్రతి పేజీ మీద తేదీ ఉంటుంది. మొదటి పేజీలో వణికిన గీతలూ ఆఖరి పేజీలో నిలబడిన అక్షరాలూ పక్కపక్కన చూసుకున్నాక నేను వేరే ధైర్యం చెప్పనక్కరలేదు.

పరీక్షల గురించి రెండు మాటలు. 2022 నుంచి 2027 వరకు సాగే 'ఉల్లాస్' పథకంలో పదిహేనేళ్లు దాటినవారికి స్వచ్ఛంద బోధకులు చదువు చెబుతారు. చివర చదవడం, రాయడం, లెక్కలు కలిపి 150 మార్కుల పరీక్ష ఉంటుంది. పథకం మంచిదే. చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని, చేతిలో హాల్ టికెట్టుతో కూర్చోబెట్టినప్పుడు మాత్రం వచ్చినవి కూడా మరిచిపోయేవారిని నేను చూశాను. కేంద్రంలోనే, రోజూ కూర్చునే చాప మీదే, అలాంటి ప్రశ్నపత్రాన్ని నాలుగైదు సార్లు ముందుగా రాయిస్తే ఈ బెదురు తగ్గుతుంది. పదో తరగతి కోరేవారికి ఓపెన్ స్కూల్ ఉంది. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాల్సిన పనిలేదు, ఉత్తీర్ణమైనవి చేతిలో ఉంటాయి, మిగిలినవి తర్వాతి విడతల్లో రాసుకోవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక వెనుదీసినవారు మా ఊళ్లోనే ఉన్నారు. గల్ఫ్‌కు వెళ్లదలచిన ఒకమ్మాయి, పదో తరగతి లేకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ కింద, అంటే పనికి విదేశం వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన కోవలో, వస్తుందని తెలిసి నా దగ్గరకు వచ్చింది. ఆమెను ఆపుతున్నది ఇంగ్లిషు కాదు, "ఫెయిలైతే ఊళ్లో ఏమంటారో" అన్న మాట. ఆ సిగ్గు మగవాళ్లలో ఇంకా ఎక్కువ. కొబ్బరి దింపు పనివారిని మా వసారాలోకి రప్పించడం నా వల్ల కాలేదు.

నేర్చుకునే విషయం తమదైనప్పుడు భయం ఎంత త్వరగా పోతుందో తెలుగువారికి కొత్తగా చెప్పాలా? 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలోని పాఠాన్ని తమ ఇళ్ల కథగా గుర్తుపట్టి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వారిలో ఎవరికీ ముందుగా ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసం ఇచ్చినట్టు నేను వినలేదు.

అందుకే ఈ లేఖ ముగించే ముందు మీ పత్రికకే ఒక విన్నపం. చదవడం కొత్తగా నేర్చుకున్నవారు మీ పత్రిక చేతికి తీసుకుంటే, మొదటి పేజీలోని చిన్న అక్షరాలూ పొడవాటి సమాసాలూ చూసి, నేర్చుకున్నది కూడా చాలదనుకుని మడిచి పెట్టేస్తున్నారు. వారానికొకసారి, జిల్లా పేజీల్లో అర కాలమ్ చాలు, పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో వారికోసం ఒక శీర్షిక వేయండి. నీతికథలు వద్దు. రొయ్యల ధరలు, ధాన్యం మద్దతు ధర, వేసవిలో కాలువలకు నీళ్లు ఆపే తేదీ, మళ్లీ నీళ్లు వదిలే తేదీ, డ్వాక్రా రుణాల వడ్డీ సంగతులు వేయండి. తప్పొప్పులు చూసిపెట్టడానికి మా తరగతివారే ముందుకొస్తున్నారు. ఏ మాట దగ్గర ఆగిపోయారో గీత గీసి పంపుతామంటున్నారు. శీర్షిక మొదలైన వారం నుంచి మాకు పద్నాలుగు ప్రతులు కావాలి. చందా మేమే కట్టుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా