సూరిగాడికి, వాడి కొత్త సిస్టమ్ వేడి గురించి

ఒరేయ్ సూరీ,

కొత్త సిస్టమ్ ఇంత వేడెక్కుతోంది, ఏమైనా పాడైందా అని అడుగుతూ నువ్వు పంపిన ఫొటోలు మూడూ చూశాను. ముందు జవాబు చెప్పేస్తా, సోది తర్వాత తీరిగ్గా చదువుకో. నీ సిస్టమ్‌కి ఏమీ కాలేదు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, దాంతోపాటు డబ్బాలో వచ్చిన కూలరే, గదిలో 36 డిగ్రీలు, పైగా రోహిణి కార్తె. ఊరికే ఉన్నప్పుడు 48, గేమ్ ఆడుతుంటే 78, ప్రాసెసర్‌ని పూర్తిగా పరుగెత్తించే సినీబెంచ్ పరీక్ష పెడితే 94. ఇందులో వింతేమీ లేదు. రోళ్లు పగిలే ఎండలో నీ ప్రాసెసర్ ఒక్కటే చల్లగా ఎలా ఉంటుందిరా?

అలాగని "94 మామూలేనట" అని ఊరంతా చెప్పకు. అదే 94 ఇంకొకళ్ల సిస్టమ్‌లో కనిపిస్తే వెంటనే కూలర్ విప్పి చూడమంటాను. ఒట్టి డిగ్రీలు చూసి ఏదీ తేల్చలేం. ఆ క్షణాన చిప్పు ఎన్ని వాట్లు లాగుతోంది, గది ఎంత వేడిగా ఉంది, వేగం ఎక్కడ నిలబడింది, ఈ మూడూ పక్కన ఉంటేనే ఆ అంకెకి అర్థం. నీ మూడో ఫొటోలో ఓ మూల 88 వాట్లు అని కనబడింది కాబట్టే ఇంత ధీమాగా చెబుతున్నా.

ముందు కొలవడం సరిగ్గా కొలుద్దాం. బోర్డు కంపెనీ ఇచ్చిన రంగుల సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి, సెన్సార్ల అంకెలన్నీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వేసుకో, ఉచితమే. తెరవగానే 'సెన్సార్స్ ఓన్లీ' దగ్గర టిక్ పెట్టి స్టార్ట్ నొక్కు. వందల వరసలు వచ్చి పడతాయి, బెదిరిపోకు. నీకు కావలసినవి నాలుగు: 'టీసీటీఎల్/టీడై' అని ఉన్న సీపీయూ ఉష్ణోగ్రత, ప్రాసెసర్ లాగే వాట్లు చెప్పే 'సీపీయూ పీపీటీ', అసలు నడిచే వేగం చెప్పే 'కోర్ ఎఫెక్టివ్ క్లాక్', వేడికి వేగం తగ్గించుకుందో లేదో చెప్పే 'థర్మల్ థ్రాట్లింగ్'. బోర్డు సెన్సార్ల దగ్గర ఎక్కడో 110 డిగ్రీలనో, మైనస్ 60 అనో కనిపించినా గుండె జారిపోనక్కర్లేదు. బోర్డు మీద ఆ పిన్నుకి అసలు సెన్సారే తగిలించి ఉండదు. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల తెర) చూసిన అంకెనీ నమ్ముకోకు. అక్కడ ప్రాసెసర్ విండోస్‌లోలా కునుకు తీయదు, అందుకే ఏ పనీ లేకుండానే కాస్త ఎక్కువ చూపిస్తుంది.

గది వేడి కోసం ఫోన్‌లో వాతావరణం చూడకు, అది ఊరి లెక్క. గోడకి తగిలించే థర్మామీటర్‌ని క్యాబినెట్ గాలి పీల్చుకునే వైపు ఓ పావుగంట పెట్టి చూడు. సీలింగ్ ఫ్యాన్ వేసుకున్నాగా అంటావేమో, ఆ ఫ్యాన్ గాలిని చల్లబరచదు, మన చెమటని ఆరబెడుతుందంతే. ప్రాసెసర్‌కి చెమట పట్టదు కదా. గది 10 డిగ్రీలు దిగితే చిప్పు కూడా, అవే వాట్ల దగ్గర, దాదాపు అంతే దిగుతుంది. అంటే నీ 94 ఏసీలో 26 దగ్గర అయితే 84 అయ్యుండేది. నెట్‌లో జనం పెట్టే అంకెలు చాలావరకు 20, 22 డిగ్రీల గదుల్లో తీసినవి. వాటితో పోల్చుకుని నిద్ర పాడుచేసుకున్నావు.

ఇక పరీక్ష. సిస్టమ్ ఆన్ చేసి పావుగంట వదిలెయ్, బ్రౌజర్ మూసెయ్. హెచ్‌డబ్ల్యూఇన్ఫో కింద గడియారం బొమ్మ నొక్కితే కనిష్ఠం, గరిష్ఠం మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతుంది. అప్పుడు సినీబెంచ్ ఆర్23 మల్టీకోర్ 10 నిమిషాలు నడిపి, 5 సెకన్లకి, నిమిషానికి, పదో నిమిషానికి ఉష్ణోగ్రత, వాట్లు రాసుకో. ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ లాంటి మొరటు పరీక్షలు వద్దు. నువ్వు చేసే ఏ పనీ చిప్పుని అంతలా పిండదు.

పీపీటీ దగ్గర 88 కనిపించి, "డబ్బా మీద 65 వాట్లనేగా ఉంది" అని అడిగావు. మోసమేమీ కాదు. ఏఎమ్‌డీ లెక్కలో సాకెట్ నుంచి లాగడానికి అనుమతి టీడీపీకి (డబ్బా మీద రాసే వాట్లు) 1.35 రెట్లు, 65కి వేస్తే 88. ఇక 95 డిగ్రీలన్నది ఈ చిప్పుకి కంపెనీ పెట్టిన హద్దు. 2022 సెప్టెంబరులో రైజెన్ 7000 సిరీస్ వచ్చినప్పుడే, బరువు పనిలో 95 దగ్గర నడవడం తయారీలో అనుకున్నదేనని వాళ్లే చెప్పారు. అది తగలగానే చిప్పు ఆరిపోదు. తానే కొంచెం కొంచెంగా వాట్లు తగ్గించుకుని ఆ గీత మీద నిలబడుతుంది. మధ్యాహ్నం రెండింటికి పరీక్ష పెడితే 95 దగ్గర 80 వాట్లే కనిపించొచ్చు, వేగం 100, 150 మెగాహెర్ట్జ్ తగ్గొచ్చు. సినీబెంచ్ స్కోరు 14 వేలకి అటూ ఇటూ వస్తే చాలు. ఎఫెక్టివ్ క్లాక్ 3.8 గిగాహెర్ట్జ్ కన్నా కిందికి జారితేనే డబ్బా మీద రాసిన మాట తప్పినట్టు.

భయపడాల్సింది ఎప్పుడంటే, 45, 50 వాట్లకే 95 కొట్టినప్పుడు. అది ఎండ పని కాదు, కూలర్ సరిగ్గా కూర్చోలేదు.

వేడి ఎంతన్నదానికన్నా ఎలా ఎక్కిందన్నది నాకు ఎక్కువ చెబుతుంది. పరీక్ష మొదలైన రెండు సెకన్లలో 95కి ఎగిరి, ఆపగానే రెండు సెకన్లలో 55కి పడిపోయి, ఆ మధ్యలో వాట్లూ తక్కువే ఉంటే, చిప్పులోంచి కూలర్‌లోకి వేడి దాటడం లేదన్నమాట. చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు దగ్గరో, కూలర్ బిగించే మరల దగ్గరో లోపం. అలా కాక మొదట 80 దగ్గర ఆగి, నిమిషాల తరబడి మెల్లమెల్లగా 94కి పాకితే పేస్టు బాగానే ఉంది, కూలర్ లోహం వేడెక్కి, క్యాబినెట్‌లో గాలి వేడెక్కి, అదే గాలి తిరిగి తిరిగి వస్తోంది. నీది రెండో రకంలాగే కనబడుతోంది, కానీ నిమిషాల లెక్క లేకుండా ఖాయంగా చెప్పలేను.

అన్నట్టు, క్రోమ్ తెరిస్తే చాలు 48 నుంచి 62కి ఎగురుతోందన్నావు, దానికీ కూలర్‌కీ సంబంధం లేదు. నీ చిప్పులో ఆరు కోర్లూ ఉన్న ముక్క 70 చదరపు మిల్లీమీటర్లంత, అంటే చిటికెన వేలి గోరంత. ఒక్క కోర్ 5.1 గిగాహెర్ట్జ్‌కి దూకితే ఆ కొంచెం చోటే ఒక్కసారి భగ్గుమంటుంది, పైన ఉన్న మందపాటి రేకులోకి పాకేలోపే సెన్సార్ చదివేస్తుంది. మీ తమ్ముడి ఇంటెల్ ప్రాసెసర్ ఐ5 12400 అంతలా ఎగరదంటే, దాని చిప్పు వైశాల్యంలో దీనికి రెట్టింపుకు పైనే, వేగమూ తక్కువ. పోలిక పెట్టుకోకు. ఆ ఎగుడుదిగుళ్లకి ఫ్యాన్ బుసకొట్టడం చిరాకైతే బయోస్‌లో ఫ్యాన్ సెట్టింగ్‌లోకి పోయి, స్టెప్ అప్ టైమ్ (ఫ్యాన్ వేగం పెంచేముందు ఆగే సమయం) నాలుగైదు సెకన్లు పెట్టు.

ఒకవేళ పరీక్షలో మొదటి రకం తేలితే కూలర్ విప్పాలి. విప్పేముందు పది నిమిషాలు గేమ్ నడుపు, పేస్టు మెత్తబడుతుంది. సిస్టమ్ ఆపి, వైరు పీకి, నాలుగు మరలూ ఒక్కోటి రెండేసి చుట్లు, ఇంటూ గుర్తులా ఎదురెదురు మూలలు వదులు చేసుకుంటూ రా. ఒక మూల పూర్తిగా విప్పేసి ఇంకో మూలకి పోతే కూలర్ ఒరిగిపోతుంది. నీది ఏఎమ్5 రకం సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), చిప్పు మీద ఇనప చట్రం ఉంటుంది కాబట్టి ఊడి రాదు. పాత ఏఎమ్4లో నిటారుగా లాగితే ప్రాసెసర్ కాళ్లతో సహా కూలర్‌కి అంటుకుని వచ్చేసేది, దాన్ని మెల్లగా మెలితిప్పి తీయాలి.

తీశాక కూలర్ అడుగున బూడిదరంగు పేస్టు ఎలా పరుచుకుందో వెలుతురులో చూడు. అంతటా పల్చగా, సమంగా ఉంటే బిగింపు బాగానే ఉన్నట్టు. ఒక పక్క మందంగా, ఇంకో పక్క లోహం మెరుస్తుంటే ఏటవాలుగా కూర్చుంది. ఇంకా, వేరే కూలర్ తెచ్చి వేసినప్పుడు అడుగున ప్లాస్టిక్ పొర ఒలవడం మరిచిపోవడం అందరికీ తెలిసిన పొరపాటే, అయినా జరుగుతూనే ఉంటుంది. నీకొచ్చిన కూలర్‌కి పేస్టు కంపెనీలోనే పూసి వస్తుంది, కానీ ఒకసారి లేపితే దాని పని అయిపోయినట్టే. ఐసోప్రొపైల్ స్పిరిట్‌లో పీచు రాలని గుడ్డ ముంచి రెండు వైపులా తుడిచి, కొత్త పేస్టు బఠాణీ గింజంత మధ్యలో పెట్టు. చిప్పు రేకు అంచుల గాట్లలోకి కాస్త పోయినా మామూలు పేస్టు కరెంటు ప్రవహించనివ్వదు, కంగారు లేదు. మళ్లీ అదే ఇంటూ వరసలో, రెండేసి చుట్లు, మర ఆగేదాకా. ఫ్యాన్ వైరు 'సీపీయూ ఫ్యాన్' అని ఉన్న పిన్నులకే పెట్టు. క్యాబినెట్ ఫ్యాన్ పిన్నులకి పెడితే అది బోర్డు వేడిని చూసుకుని నింపాదిగా తిరగొచ్చు.

రెండో రకమైతే ఇంకా సులువు. క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్ష పెట్టు. ఐదారు డిగ్రీలు దిగితే తప్పు క్యాబినెట్‌ది, కూలర్‌ది కాదు. ఒక అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పట్టుకో, పొగ లోపలికి పోవాలి. వెనక పట్టుకుంటే బయటికి తోసెయ్యాలి. రెండుచోట్లా బయటికే వస్తుంటే ముందు ఫ్యాన్ తిరగేసి బిగించారు. ఫ్యాన్‌కి చట్రం కమ్ములున్న వైపు నుంచి గాలి బయటికొస్తుందని గుర్తు. నీ ఫొటోలో సిస్టమ్ కంప్యూటర్ టేబుల్ అరలో, వెనక గోడకి ఆనుకుని ఉందిరా! దాన్ని కనీసం జానెడు ముందుకి లాగు, లేదా అరలోంచే తీసెయ్. అదొక్కటి చేసి మళ్లీ కొలువు.

ఇంత చేసినా 90 పైన చూడటం నీకు ఇష్టం లేకపోతే పైసా ఖర్చు లేని దారి ఉంది. బయోస్‌లో పీబీఓ మెనూలో (ప్రాసెసర్ హద్దులు సర్దే చోటు) థర్మల్ లిమిట్ 85 అని ఇవ్వు. కొంచెం వేగం పోతుంది, గేముల్లో నీకు తెలియను కూడా తెలియదు. డబ్బులు పెడతానంటే నీళ్ల కూలర్ జోలికి పోకు, 88 వాట్లకి అది దండగ. రాగి గొట్టాలున్న 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ టవర్ కూలర్ రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది, పదిహేను డిగ్రీలైనా దించుతుంది, మోత కూడా తగ్గుతుంది. కొనేముందు దాని ఎత్తు నీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూసుకో.

మీ బావగారు కొంటానంటున్న ఇంటెల్ ఐ7 14700కే ప్రాసెసర్ సంగతి వేరు. దాని హద్దు 100 డిగ్రీలు, 253 వాట్ల దాకా లాగుతుంది, కొన్ని బోర్డులు ఆ కళ్లెం కూడా వదిలేస్తాయి. ఆ చిప్పుల్లో బయటపడిన లోపాన్ని సరిదిద్దిన, 2024 సెప్టెంబరు తర్వాతి బయోస్ వేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ పెట్టాకే ఉష్ణోగ్రత మాట ఎత్తమను.

రేపు తెల్లారి ఎండెక్కకముందు ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, టేబుల్ అరలోంచి తీశాక ఒకసారి పరీక్ష పెట్టి, అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఫొటో పంపు. ప్రతిసారీ గది ఉష్ణోగ్రత రాయడం మరిచిపోకు. అమ్మని అడిగానని చెప్పు.

ఉంటా,
నీ శీను