వేటు జట్టు మీద, హాస్టల్ మాత్రం ఎప్పటిలాగే

సంపాదకులకు నమస్కారం.

ఏటా వసంతంలో ఒకసారి, వేసవిలో ఒకసారి జరిగే జపాన్ హైస్కూల్ బేస్‌బాల్ టోర్నీ కోషియెన్ నుంచి 2025 ఆగస్టులో హిరోషిమాకు చెందిన కోర్యో హైస్కూల్ జట్టు తొలి మ్యాచ్ గెలిచాక తప్పుకుంది. అదే ఏడాది జనవరిలో ఆ జట్టు హాస్టల్లో సీనియర్లు ఒక జూనియర్‌ని కొట్టారు. మార్చిలో హైస్కూల్ బేస్‌బాల్ సమాఖ్య హెచ్చరికతో సరిపెట్టింది. టోర్నీ రోజుల్లో సంగతి సోషల్ మీడియాకెక్కింది. చాలా వార్తలు దీన్ని ఒక బడి పరువు పోయిన కథగానే రాశాయి. ఒసాకా జిల్లా తొందాబయాషిలోని పీఎల్ గకుయెన్ ఏమైందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

ఒక మత సంస్థ నడిపే బడి అది. కోషియెన్‌లో 7 టైటిళ్లు: వేసవిలో 4, వసంతంలో 3. మొత్తం 96 విజయాలు, 30 ఓటములు. 1978 ఫైనల్లో తొమ్మిదో ఇన్నింగ్స్‌ దాకా 0-2తో వెనకబడి 3-2తో గెలిచింది. 1983 నుంచి 1985 దాకా పిచ్చర్ (బంతి విసిరేవాడు) కువాతా, బ్యాటర్ కియోహరా ఆడిన అయిదు టోర్నీల్లో కువాతా 20 మ్యాచ్‌లు గెలిపించాడు, కియోహరా 13 హోమ్ రన్లు కొట్టాడు. 1987లో వసంతం, వేసవి రెండూ పీఎల్‌వే. 1998లో యొకొహామా చేతిలో 17 ఇన్నింగ్స్‌ల పోరులో 7-9తో ఓడింది. ఆ రోజు యొకొహామా పిచ్చర్ మత్సుజాకా 250 బంతులు విసిరాడు.

ఇంత గొప్ప జట్టు హాస్టల్ ఎలా నడిచిందో మాజీ ఆటగాళ్లే బహిరంగంగా చెప్పారు. ఒక్కో సీనియర్‌కి ఒక్కో ఫస్టియర్ కుర్రాడిని అప్పగించేవారు. సీనియర్ మట్టి యూనిఫామ్ ఉతకడం, తిండి సిద్ధం చేయడం, ఒళ్లు పట్టడం వాడి పని. ‘అవును’, ‘కాదు’ తప్ప ఇంకో మాట ఉండకూడదు. ఆట కోణంలో చూసినా ఇది నష్టమే. ఎదిగే వయసు పిచ్చర్ భుజం కోలుకునేది నిద్రలో. ఆ నిద్రే బట్టలుతకడానికి పోతోంది. పైగా ఏడాది పాటు దెబ్బలు తిన్నవాడు మరుసటి ఏడాది సీనియర్ అవుతాడు, ఈసారి కొట్టే చెయ్యి వాడిది. అందుకే ఒక బ్యాచ్ వెళ్లిపోయినా ఆ అలవాటు పోలేదు.

2001లో దాడి బయటపడి ఆరు నెలల నిషేధం పడింది. 2013లో మళ్లీ దాడి, మళ్లీ ఆరు నెలలు, ఆ వేసవి టోర్నీ పోయింది. నా అభ్యంతరమల్లా ఈ శిక్ష మీదే. ఇలాంటి నిషేధం పడితే, కొట్టింది ఇద్దరు ముగ్గురైనా జట్టంతా ఆట మానాలి. మూడేళ్ల హైస్కూల్లో మూడో ఏడాది కుర్రాడికి అదే చివరి వేసవి, మళ్లీ రాదు. అప్పుడు దెబ్బలు తిన్న పిల్లవాడు నోరు విప్పితే స్నేహితుల కలలన్నీ కూలినట్టే. ఇక ఎవడు చెబుతాడు? శిక్ష ఎంత పెద్దదైతే దాచిపెట్టడం అంత పెరుగుతుంది.

ప్రతిభ కరువై పీఎల్ పడిపోయిందనడం తప్పు. 2013 తర్వాత బేస్‌బాల్ ఆడని ప్రిన్సిపాల్‌నే కోచ్‌గా పెట్టారు. ఎప్పుడు బంట్ చేయాలో (బంతిని మెల్లగా తట్టి వదలాలో), ఎప్పుడు పరుగు తీయాలో ఆటగాళ్లే తేల్చుకున్నారు. అయినా 170కి పైగా బడులు తలపడిన ఒసాకా అర్హత టోర్నీలో 2014 వేసవి ఫైనల్‌కి చేరారు, అక్కడ ఒసాకా తోయిన్ అనే బడి చేతిలో 1-9తో ఓడారు. మత సంస్థకు భక్తులు, బడికి విద్యార్థులు తగ్గుతూ వచ్చిన కాలమది. 2015 నుంచి కొత్తవాళ్లను తీసుకోబోమని యాజమాన్యం 2014లోనే ప్రకటించింది. హాస్టల్‌ని బాగుచేయడం కంటే జట్టును మూసేయడమే తేలికనుకున్నారు.

చేర్చుకోవడం ఆపితే జట్టు దానంతటదే కరిగిపోతుంది. 2016 వేసవికి మిగిలింది మూడో ఏడాది వాళ్లు 12 మంది. అప్పట్లో కోషియెన్ జట్టుకు 18 మంది. పన్నెండుగురితో రెండు జట్లుగా విడిపోయి సాధన చేయడమే కుదరదు, మైదానంలో తొమ్మిది మంది కావాలి కాబట్టి ఇద్దరు గాయపడితే మార్చడానికి ఒక్కడే మిగులుతాడు. జూలై 15న ఒసాకా అర్హత టోర్నీ తొలి మ్యాచ్‌లోనే 6-7తో ఓడారు. 2017లో సమాఖ్య నుంచి బయటికొచ్చేశారు.

శిక్ష తప్పు చేసినవాడికే పడాలి. ఫిర్యాదు కోచ్ చేతికి కాక, జట్టు గెలుపోటములతో సంబంధం లేని బయటి మనిషికి వెళ్లాలి. జపాన్ సమాఖ్య ముందు మార్చాల్సినవి ఇవే.

మన దగ్గరా హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి నుంచే పిల్లలు హాస్టల్లో ఉంటారు. అక్కడ తప్పు జరుగుతోందని నేననడం లేదు, జరగకముందే కట్టడి ఉండాలంటున్నాను. గదులు వయసుల వారీగా విడగొట్టాలి. కోచ్‌నే వార్డెన్‌గా పెట్టకూడదు. పెద్దపిల్లల బట్టలు చిన్నపిల్లలు ఉతక్కుండా ప్రతి అంతస్తులో వాషింగ్ మెషిన్ ఉండాలి. పిల్లలు ఎవరి అనుమతీ అడక్కుండా ఇంటికి ఫోన్ చేసే వీలుండాలి. రెండు రాష్ట్రాల క్రీడా శాఖలు వచ్చే అడ్మిషన్ల నోటిఫికేషన్‌లోనే ఈ నాలుగింటినీ రాతపూర్వకంగా చేర్చాలని కోరుతున్నాను.

— ఒక తెలుగు పాఠకుడు, ఒసాకా