కొట్టంలో దొరికిన కారు గురించి స్వాతికి

ఒంగోలు,
కార్తీక శుద్ధ దశమి.

చిరంజీవి స్వాతికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కొంత తగ్గింది. సుబ్బులత్త కొడుక్కి సంబంధం కుదిరింది గాని ముహూర్తం ఇంకా పెట్టుకోలేదు. నువ్వు ఆదివారాలు ఫోను చేయడం మానేసి చాలా రోజులైంది. ఆఫీసులో పని ఎక్కువైందేమోనని ఊరుకున్నాను. మొన్న బుజ్జి వచ్చి మాటల్లో నోరు జారాడు. శనాదివారాలు వస్తే నువ్వు నెబ్రాస్కాలో లింకన్ నగరం దాటి మొక్కజొన్న చేల మధ్య ఎవరిదో పాత కొట్టానికి వెళ్తున్నావట, అందులో ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న స్టూడిబేకర్ కారు మీద మనసు పడ్డావట, బయానా కూడా ఇచ్చేశావట. వాడిని కోప్పడకు. ఆ విషయం నేనేమీ అడగను. నీ సంపాదన, నీ ఇష్టం. ఇలా మరుగున పడిన కార్ల గురించి ఈ మధ్య కాస్త చదివాను. కొన్ని సంగతులు నీకు పనికొస్తాయనిపించి రాస్తున్నాను, అంతే.

ఫ్రాన్సు దేశంలో రోజే బయోం అని ఒక రవాణా వ్యాపారి ఉండేవాడు. లారీల మీద బాగా గడించి, 1950ల నుండి పాత కార్లు కొని కూడబెట్టాడు. వాటితో ఒక మ్యూజియం పెట్టాలని ఆయన కోరిక. 1970లలో వ్యాపారం దెబ్బతిని కొన్నింటిని అమ్ముకోవలసి వచ్చింది, మిగిలినవి రేకుల పంచల కింద ఎండకూ వానకూ అలాగే ఉండిపోయాయి. 2014లో వారసులు వేలం సంస్థ వారిని పిలిపిస్తే, గ్యారేజీలో కుప్పలుగా పోసిన పాత పత్రికల కింద 1961 నాటి ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్ బయటపడింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేస్తే అదొక్కటే 1 కోటి 60 లక్షల యూరోలు దాటి పలికింది. దుమ్ము కూడా దులపకుండా అమ్మారు, ఆ దుమ్ముకే విలువ అన్నమాట. అందరూ చెప్పుకునేది ఆ ఫెరారీ గురించే. ఆ రోజు అమ్మకానికి పెట్టిన 59 బండ్లలో కొన్ని తుప్పుపట్టి, అడుగు రేకు ఊడి, పేరుకు మాత్రమే కార్లుగా మిగిలాయి. వాటిని కొన్నవారు ఇంటికి తీసుకువెళ్ళి ఏమి చేసుకున్నారో ఎవరూ రాయరు.

బుజ్జి ఎంత ఇచ్చావో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇల్లు కొనడానికని దాచిన దానిలో నుండి తీయలేదు కదా?

అంత దూరం ఎందుకు, మీ నెబ్రాస్కాలోనే పియర్స్ అనే చిన్న ఊరిలో రే లాంబ్రెక్ట్ అనే ఆయన 1946 నుండి 1996 దాకా షెవ్రొలే కార్లు అమ్మాడు. కొత్త కారు కొనేవారు మార్పిడి కింద ఇచ్చిన పాత కార్లను మళ్ళీ అమ్మకుండా పొలంలో నిలిపేవాడు. ఆ ఏడాది అమ్ముడుపోని కొత్త కార్లలో కొన్నింటిని ధర తగ్గించి వదిలించుకోవడం ఇష్టం లేక లోపల దాచేవాడు. 2013 సెప్టెంబరులో రెండు రోజుల పాటు వేలం జరిగితే దాదాపు 500 బండ్లు తేలాయి. 1958 నాటి పికప్ ఒకటి మైలున్నర కూడా తిరగలేదు, అది 1 లక్షా 40 వేల డాలర్లకు పోయింది. చేలల్లో వేల మంది జనం, టీవీ వారి హడావుడి. అటువంటి చోట చేయి పైకెత్తిన వాడికి తాను ఏమి కొంటున్నాడో ఎలా తెలుస్తుంది? నాకు తోచినంతవరకు ఈ వ్యాపారంలో సగం ధర కారుకు, సగం కథకు. అమ్మేవాడు కారు కంటే ముందు కథ చెప్పడం మొదలుపెడితే నువ్వు కారు కింద నేల చూడు.

కథ అంటే గుర్తొచ్చింది. పోర్చుగల్‌లో ఎవరో దంపతులు పాత పొలం కొని, తాళం పగలగొట్టి చూస్తే కొట్టంలో 180 కార్లు కనిపించాయని 2007 ప్రాంతంలో లోకమంతా చెప్పుకుంది. తీరా విచారిస్తే కార్ల వ్యాపారి ఒకాయన తాను కొని దాచుకున్నవే అవన్నీ. అమ్మకానికి కూడా కాదట. ఫోటోలు నిజం, దంపతులు కల్పితం. నీకు ఆ కొట్టం చూపించిన వ్యక్తి చెప్పిన మాటలు కూడా చుట్టుపక్కల వాళ్ళ దగ్గర ఒకసారి వాకబు చేశావా? ఆయన ఎవరో బుజ్జి చెప్పలేదు. నీతోపాటు వెళ్ళేది ఎవరో కూడా చెప్పలేదు.

స్టూడిబేకర్ మంచి బండే అంటారు, కాదనను. మా చిన్నతనంలో పెద్దవాళ్ళు ఆ పేరు గౌరవంగా పలికేవారు. అయితే ఆ కంపెనీ 1966లోనే కార్ల తయారీ మానేసింది. విడిభాగాల కోసం పాత కార్ల సంఘాల వారిని, వారి దగ్గర మిగిలిన సరుకును నమ్ముకోవలసిందే. ఉద్యోగం చేసుకునే పిల్లవు, ఒక రబ్బరు వాషరు కోసం నెలలు ఎదురు చూడగలవా?

నీకు మీ తాతయ్య హెరాల్డ్ కారు గురించి తెలుసు గాని, అది పోయిన తీరు నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ వారు 1961 నుండి ఆ కారు తయారు చేశారు. 948 సి.సి. ఇంజను, ఇటలీకి చెందిన మికెలోట్టి దిద్దిన రూపం. బానెట్టు తెరిస్తే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా పైకి లేచేది. తాతయ్య దానిని కొండపి రోడ్డున మా ఇంటి ముందు తెరిచినప్పుడల్లా ఊరి పిల్లలు మూగేవారు. మంచి ఏడాదిలో పొగాకు డబ్బుతో కొన్న బండి అది. తరువాత ధర పడిపోయిన ఏడాది వచ్చింది. మన ఆంధ్రలో పొగాకు బోర్డు వేలం 1985లో గాని మొదలు కాలేదు. అంతకు ముందు కొనేవాడు చెప్పిందే ధర, ఇచ్చినప్పుడే డబ్బు. అప్పుల వాళ్ళు వాకిట్లో కారు చూస్తే ఏమనుకుంటారోనని తాతయ్య ఒక రాత్రి దానిని పొగాకు కాల్చే బ్యారన్ పక్కనున్న గ్రేడింగు షెడ్డులోకి తోయించి, మీద గోనె పట్టాలు కప్పి, చుట్టూ పొగాకు కర్రలు పేర్పించాడు. వచ్చే ఏడాది తీద్దామన్నాడు. తరువాతి ఏడాదీ అదే మాట. ఆయన పోయాక ఆ కర్రల వెనుక ఏముందో తలచుకున్న వారే లేరు.

తుఫానుకు షెడ్డు రేకులు లేచిపోతే, బాగు చేయించడానికి చిన్న మామయ్య కర్రలు తీయిస్తుండగా హెడ్‌లైటు కనిపించింది. నేను అప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. తలుపు తీయగానే ముక్కు అదిరే పొగాకు ఘాటు. సీటు దూదంతా ఎలుకలు పీకి గూడు కట్టుకున్నాయి. ఆ గూడులో చిరిగిన కాగితాలు చూస్తే తాతయ్య చిట్టా పుస్తకంలోవి, ఫలానా వారికి ఇన్ని బేళ్ళు అని ఆయన గుండ్రటి చేతిరాత. అమ్మమ్మ వాటిని ఏరి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, కారు వైపు చూడనే లేదు.

మస్తాన్ మెకానిక్కు వచ్చి ఇంజను పట్టేసిందని తేల్చాడు. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలో డీజిలు పోసి, తొందరపడకుండా రోజూ రెంచీతో క్రాంకు కొద్దికొద్దిగా కదిలించమన్నాడు. పాత పెట్రోలు ట్యాంకులో జిగురులా పేరుకుపోతుంది, దానిని కడగకుండా బ్యాటరీ తగిలించవద్దని కూడా చెప్పాడు. అన్నీ చేశారు. ఇంజను కదిలింది, ట్యాంకు కడిగారు, పొగ కక్కుతూ స్టార్టయింది. ఆ సంబరంలో బ్రేకుల సంగతి ఎవరికీ గుర్తు లేదు. బ్రేకు నూనె ఏళ్ళ తరబడి గాలిలోని తేమ పీల్చుకుంటుంది, లోపల సిలిండర్లు తుప్పు పడతాయి, రబ్బర్లు ఎండి పగులుతాయి. చిన్న మామయ్య గేరు వేసి బయలుదేరి, పెడలు నొక్కితే అది నేలకు తగిలింది. కారు తిన్నగా వెళ్ళి కుడితి తొట్టిని ఢీకొంది. తొట్టి పగిలింది, ఎవరికీ ఏమీ కాలేదు గాని, గేదె మాత్రం నాలుగు రోజులు పాలివ్వలేదు.

అసలు చిక్కు అక్కడ కాదు, కాగితాల దగ్గర. ఆర్.సి. పుస్తకం తాతయ్య పేరు మీద ఉంది. వారసులందరూ సంతకాలు పెడితే గాని పేరు మారదు. విశాఖ పిన్ని, ముందు పొలం పంపకం తేల్చి అప్పుడు కారు మాట ఎత్తమంది. పెద్ద మామయ్య, నాన్న కొన్న కారు పెద్దకొడుకునైన నాదేనన్నాడు. మా పుట్టింటి వారి పౌరుషం నీకు తెలియనిది కాదు. షెడ్డు కౌలుకు పోయింది, కారు వేపచెట్టు కిందికి వచ్చింది, రెండు వానాకాలాలలో తుప్పు కింది చట్రం ఛాసిస్‌ను కూడా తినేసింది. చివరికి పాత ఇనుపకొట్టు వాడు తూకం వేసి తీసుకుపోయాడు. 2021లో కేంద్రం యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 20 వేల రూపాయల రుసుముతో, నంబరులో వీ ఏ అనే అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషను తెచ్చినప్పుడు చిన్న మామయ్య ఆ పేపరు ముక్క కత్తిరించి నాకు పంపాడు. ఎందుకు పంపాడో నాకు అర్థం కాలేదు.

అందుకే చెబుతున్నాను, మిగిలిన డబ్బు ఇచ్చే ముందు ఆ కారు టైటిల్ కాగితం ఎవరి పేరున ఉందో చూడు. ఆ కొట్టం తాలూకు రైతు కాలం చేశాడని బుజ్జి అన్నాడు. అయితే అమ్ముతున్నది ఎవరు, ఆయనకు అమ్మే హక్కు ఉందా, తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా? బండి మీది బిళ్ళపై ఉన్న నంబరు, కాగితంలోని నంబరు పక్కపక్కన పెట్టి నీ కళ్ళతో చూడు. పూర్వం అక్కడ కొన్ని రాష్ట్రాలలో ఇంజను నంబరు మీదే రిజిస్టరు చేసేవారట, తరువాత ఇంజను మారిస్తే ఇక లెక్క కుదరదు. దాని మీద పాత అప్పు ఏమైనా ఉందేమో కూడా కనుక్కో. ఇవి అడగడానికి మొహమాటపడకు. అడిగినందుకు కోపగించుకునే వాడి దగ్గర కొననే కూడదు.

ఇక ఎలుకల మాట. నవ్వకు. అమెరికాలో డీర్ మౌస్ అనే ఎలుకల పెంటికలలో, మూత్రంలో హాంటా వైరస్ ఉండవచ్చు. మూసి ఉన్న కొట్టాలు ఊడ్చినప్పుడు ఆ ధూళి పీల్చిన వారికి ఊపిరితిత్తుల జబ్బు చేస్తుంది, ప్రాణాల మీదికి కూడా వస్తుంది. లోపలికి వెళ్ళే ముందు తలుపులన్నీ తెరిచి కనీసం అరగంట బయట నిలబడు. చీపురు పట్టకు, వాక్యూం క్లీనరు అసలే వద్దు. బ్లీచింగు కలిపిన నీళ్ళు చల్లి, బాగా నానిన తరువాత చేతులకు తొడుగులు వేసుకుని తడి గుడ్డతో ఎత్తిపారెయ్యి. మంచి మాస్కు పెట్టుకో, చున్నీ చుట్టుకుంటే సరిపోదు. పాత బ్రేకులలో పీలిస్తే హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉంటుంది కనుక డ్రమ్ము విప్పి గాలి కొట్టనివ్వకు. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందికి దూరకు, గట్టి స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డు చెక్కలు వెయ్యాలి. నేల మట్టిదైతే స్టాండు కింద పలక పెట్టాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఏదీ చెయ్యకు. ఒంటరిగా వెళ్ళడం లేదని బుజ్జి చెప్పాడులే. ఆ అబ్బాయికి జాకీ వెయ్యడం వచ్చా? ఏ ఊరివాళ్ళు?

నువ్వు ఉద్యోగంలో చేరిన ఏడాది మనం చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశాం, గుర్తుందా? ఆరవ నిజాం ఆర్డరిచ్చిన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. అది వచ్చేసరికి ఆయనే లేడు. మొత్తం మీద 400 మైళ్ళు కూడా తిరగలేదంటారు. నిజాం గ్యారేజీ కనుక అన్నేళ్ళున్నా ఒకరు తీసి బాగు చేయించారు. నీకు అటువంటి గ్యారేజీ ఎక్కడుంది? అపార్టుమెంటు వాళ్ళు ఒక కారుకే చోటిచ్చారని నువ్వే చెప్పావు. దీనిని ఎక్కడ నిలబెడతావు, నెలకు ఎంత బాడుగ, మంచులో ఏమి కప్పుతావు? ఒకవేళ కొనడమే నిశ్చయమైతే పైపైన మెరుపు కోసం రంగు వేయించకు. పాత రంగు పోతే తిరిగి రాదు, ఎరిగిన వాళ్ళు ఆ వాడిన రంగునే కోరి కొంటున్నారు. ముందు బ్రేకులు, తరువాత ట్యాంకు, ఆ తరువాత వైర్లు. రంగు ఆఖరున.

చలి మొదలై ఉంటుంది. కందిపొడి, ఉసిరి ఆవకాయ కొరియరులో పంపుతున్నాను. సీసా మూత రెండోసారి బిగించి పెట్టుకో, కిందటిసారి నీ పుస్తకాలన్నీ నూనె అయ్యాయి. నాన్నగారి పాత ఉన్ని చేతితొడుగులు కూడా అందులోనే పెట్టాను, అవి కారు పనికి కాదు, నీకు. ఈ ఆదివారం నీకు వీలైన వేళ ఫోను చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రయినా పరవాలేదు. టైటిల్ కాగితం ఫోటో తీసి పంపితే నాన్నగారు భూతద్దం పెట్టి చదువుతారు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: నాన్నగారు ఈ వ్యవహారం తనకు సుతరామూ నచ్చలేదని రాయమన్నారు. రాశాను. కారు ఏ రంగో, గేరు లివరు స్టీరింగు దగ్గరుందో కిందనుందో కూడా కనుక్కోమన్నారు, తాను అడిగినట్టు మాత్రం చెప్పవద్దన్నారు.