మామ మగ్గం అట్టలు

అనంతపురం
ఆదివారం మధ్యాహ్నం

ఎర్రగొడుగూ,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందే క్షమించు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా చేతులకు జిగురే. ఇవాళ మా మరిది కర్నూలు వస్తున్నాడు, నాలుగింటికి బయల్దేరతాడట. ఈలోపు ఎంత రాయగలిగితే అంత రాసి వాడి చేతిలో పెడతాను.

ఇంటి సంగతులు ఒక్క గుక్కలో: అమ్మకు మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయి. చిన్నోడికి పదో తరగతి టెన్షన్, వాడికంటే వాళ్ల నాన్నకు ఎక్కువ టెన్షన్. బదిలీ ఈ ఏడాదికి లేదు. నీళ్లు రోజు విడిచి రోజు. మూడో కుర్చీ ఆయనకు పెళ్లి కుదిరింది, అవును ఆయనకే, ఆ కథ ఇంకోసారి.

ఇంక అసలు సంగతి. నేను పేజీల మీద అతికించడం మానేశాను.

కంగారుపడకు, పుస్తకాలు మానలేదు. అసలు ఇంత బాగా ఎప్పుడూ చేయలేదనిపిస్తోంది, అందుకే నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నా పని నీకు మొదటినుంచీ తెలుసు కదా. హాస్టల్లో ఆ బ్యాంకు డైరీలు, వాటినిండా బస్సు టికెట్లు, శుభలేఖల వినాయకుళ్లు, చీరల షాపు కవర్లు. పేజీలో ఇంత ఖాళీ కనిపిస్తే ఏదో ఒకటి అతికించాల్సిందే. డైరీలు పొట్ట ఉబ్బి మూతపడేవి కావు, నువ్వు రబ్బరు బ్యాండ్లు వేసిచ్చేదానివి. తర్వాత పాతూరులో ఆ బైండింగ్ పెద్దాయన పరిచయమయ్యాక కదా నా పుస్తకాలు బాగుపడింది! పేజీకీ పేజీకీ మధ్య, వీపు దగ్గర, వేలెడు వెడల్పు కాగితం పట్టీలు కలిపి కుట్టమన్నాడు. ఆ పట్టీల మందమే లోపల అతికించేవాటికి చోటిస్తుంది, అప్పుడు పుస్తకం చక్కగా మూసుకుంటుంది. మైదా ఉడకబెట్టేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదని చెప్పింది కూడా ఆయనే. కాగితానికి కూడా పోగు ఉంటుందనీ, జిగురు రాయగానే పోగుకు అడ్డంగా సాగుతుందనీ, అందుకే అట్ట పోగూ కాగితం పోగూ ఒకే దిక్కున ఉండాలనీ, లేకపోతే ఎంత బరువు పెట్టినా అట్ట వంగిపోతుందనీ. బరువంటే నా దగ్గర ఇప్పటికీ కడప బండ ముక్కే. వంటింటి గట్టు వేసినప్పుడు మిగిలింది, నున్నగా, నల్లగా. దాన్ని మించిన ప్రెస్సు నాకు అక్కర్లేదు.

సరే, ధర్మవరం. మామ కొడుకు గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాలయ్యాక అత్త ఏదో గిన్నె కోసం అటక ఎక్కించింది. అక్కడ గోనెసంచి నిండా జకార్డు అట్టలు. నువ్వు చూశావో లేదో. జానెడు పైన పొడవు, మూడు నాలుగు వేళ్ల వెడల్పు, ఒక్కో అట్ట నిండా వరసలుగా చిల్లులు, అన్నిటినీ పక్కపక్కన పెట్టి దారంతో గొలుసులా అల్లేసి ఉంటారు. మగ్గం మీద ఆ గొలుసు తిరుగుతుంటుంది. చిల్లు ఉన్నచోట పడుగు పోగు, అంటే నిలువు దారం, పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. అడ్డదారం మోసే నాడె ఒక్కసారి అటు నుంచి ఇటు రావడానికి ఒక అట్ట. అంటే చీర అంచులో మనకు కనిపించే ప్రతి వరసకూ ఒక అట్ట ఉంటుంది! 1804లో ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన పట్టుమగ్గాల కోసం చేసిన పద్ధతి, ఆయన పేరే మా మామ నోట్లో ఇప్పటికీ ఉంది. ఇప్పుడు కరెంటు జకార్డులు వచ్చాక డిజైను పెన్‌డ్రైవ్‌లో వస్తోంది కాబట్టి పాత అట్టలు పాత సామాన్ల వాడికి పోతున్నాయి. ఆ సంచి కూడా మర్నాడు వాడికే పోవాల్సింది. నేను అడిగేసరికి మామ, "పొయ్యిలోకి గూడా పనికిరావు, ఏం జేసుకుంటావు పాపా?" అన్నాడు. ఎత్తుకొచ్చేశాను.

నా ఆలోచనేమిటంటే, గట్టి అట్టలు, అన్నీ ఒకే కొలత, తెల్ల రంగు పూసి చిల్లులు పూడ్చేసి పైన నా కాగితం ముక్కలు అతికించి కొలాజ్ చేద్దామని. హాల్లో చాపలు పరిచి దుమ్ము దులిపి అన్నీ పేర్చాను. రంగు డబ్బా మూత తియ్యబోతుండగా మామ వచ్చాడు. కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి అత్తతో కలిసి వచ్చాడు, శుక్లాలు ముదిరాయి. చెప్పులు విడిచి లోపలికి రాగానే ఆగిపోయాడు. తర్వాత మెల్లిగా కింద కూర్చుని, ఒక అట్ట తీసుకుని, కళ్లతో కాదే, బొటనవేలితో చిల్లుల మీద తడిమాడు. పక్కది తీశాడు. దాని పక్కది. "మామిడిపిందె అంచు. ఈడ తొడిమె మొదలైతాది. ఇంగ కొన్ని అట్టలు పోతే పొట్ట వస్తాది సూడు" అన్నాడు. నేను ఎదురుగా పెట్టుకుని చూస్తున్నాను, నాకు చుక్కలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆయన వేలికి పిందె కనిపిస్తోంది!

నాకు వెంటనే మన డెలానీ జేజి, అదే ఆ ఇంగ్లండు మేరీ డెలానీ, గుర్తొచ్చింది. డెబ్భై రెండేళ్ల వయసులో కాగితం పూలు కత్తిరించడం మొదలుపెట్టి, నల్ల కాగితం మీద దాదాపు వెయ్యి పూలు పూయించి, 1782లో చూపు మందగించి ఆపేసిందని నువ్వు చెప్పిన రోజు ఇద్దరం ఎంతసేపు ఏమీ మాట్లాడలేదో. ఆ పూలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మామ వేలు అట్ట మీద కదులుతుంటే నాకు ఆమే…

ఆగు, ఇంకా ఉంది, అసలుది ఇదే.

కొన్ని అట్టల మీద అతుకులు ఉన్నాయి. చిల్లు అంచు చిరిగితే జకార్డు సూది తప్పు చోట దిగుతుంది, లేవకూడని పోగు లేస్తుంది, అంచులో మచ్చ పడుతుంది. అందుకని చిరిగినచోట కాగితం అతికించి, ఆరాక, దానిమీద మళ్లీ చిల్లులు కొడతారు. మామ చేతికి అందిన కాగితమల్లా వాడాడు. ఒకచోట క్యాలెండర్ ముక్క, ఎర్ర అంకె సగం, దాని మధ్యలోంచి మూడు చిల్లులు. ఒకచోట బీడీకట్ట లేబుల్. ఇంకోచోట శుభలేఖ మూల, పసుపు మరక ఇంకా పోలేదు. నేను ఇన్నేళ్లుగా చేస్తున్నది ఆయన నాకంటే ముందే చేసి మగ్గం మీద తిప్పాడు, ఆ అతుకుల కింద చీరలు నేశాడు. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన గుడ్డముక్కను బొమ్మలో అతికించి, చుట్టూ తాడు కట్టాడని మనం ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఇప్పుడూ గొప్పే. కానీ మామ అతుకు పని చేసే అతుకు.

ఒక అట్ట మీద నీలం ఇన్‌లాండ్ లెటర్ ముక్క ఉంది. రెండున్నర వరసలు. "వానలు పడినాయి. చెనిక్కాయ మొలక బాగుంది. నువ్వు దిగులు" అని, అక్కడికి కాగితం అయిపోయింది. 'మొలక'లో 'ల' మీద చిల్లు. నేను పైకి చదివాను. వంటింట్లోంచి అత్త చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఆ అట్ట తీసుకుంది. "ఇది మా నాయన రాత" అంది. మామ తల వంచుకున్నాడు. ఆయనకు ఏ కాగితమో గుర్తే లేదు, దసరా గిరాకీలో ఏది దొరికితే అది చింపి ఉంటాడు. అత్త కోప్పడలేదు. "దిగులు పడాకు అని ఉంటాది" అని, అట్టను మళ్లీ దాని వరసలోనే పెట్టింది. ఇంట్లో ఉంచుకోమంటే ఒద్దంది. దాని జాగా అదేనంది.

ఆ డబ్బా మూత నేను ఇంక తియ్యలేదే. ఎలా పూస్తాను చెప్పు, ఆ రాత మీద?

ఆ రాత్రి మామా నేనూ కూర్చుని అన్నీ వరస పెట్టాం. ప్రతి అట్ట కొసన ఇంకుతో అంకె ఉంటుంది, ఒకటి అటూ ఇటూ అయినా పిందె విరిగిపోతుందట. తర్వాత పుస్తకం ఎలా చేశానో చెప్తాను. కొత్తగా ఒక్క చిల్లు కూడా పొడవలేదు. దారం అల్లడానికి అట్టల్లో ఎలాగూ చిల్లులు ఉంటాయి, వాటిలోంచే మైనం పట్టించిన నూలు దారంతో, మగ్గం మీద ఎలా అల్లుతారో అలాగే మామ చూపిస్తుంటే అల్లాను. అది తనంతట తానే మడత పుస్తకమైంది, లాగితే హాలంతా పరుచుకుంటుంది, మడిస్తే చేతిలో ఇమిడిపోతుంది. రెండు పక్కలా చెక్కలు పెట్టాను. కడపలో బ్రౌన్ గ్రంథాలయంలో మనం చూసిన తాటాకు గ్రంథాలకు ఉన్నట్టు. అక్కడ నువ్వు ఆకు మధ్య చిల్లునే చూస్తూ నిలబడ్డావు, అక్షరాలు చూడవేమే అని నేను నిన్ను లాక్కెళ్లాను.

మరి కొలాజ్? అది ఇప్పుడు వెనక ఉంది. ప్రతి అట్ట వెనకా పల్చని కాగితం పట్టీ, దాని మీద నా ముక్కలు: చీర కవర్ల ఎరుపు, ఆవపువ్వు పసుపు, పాత అట్లాసు నీలం. ముందునుంచి చూస్తే చిల్లుల్లోంచి ఎంత కనిపిస్తే అంతే. నేను వెనక ఏం పెట్టానో నాకు మొత్తం తెలుసు, చూసేవాళ్లకు చుక్కలు మాత్రమే అందుతాయి. దాంతో నా జర్నల్ రాతకు కూడా కొత్త చోటు దొరికింది. ఎవరికీ చూపించకూడదనుకునేవి వెనక రాస్తున్నాను. ముందు వైపు ఒక అక్షరం కొమ్ము, ఒక సున్నా, అంతే కనిపిస్తాయి. ఇన్నాళ్లూ జర్నల్ అంటే అన్నీ కక్కేయడం అనుకునేదాన్ని, ఇప్పుడు ఎంత దాచాలో కూడా నేనే నిర్ణయించుకోవచ్చు. ఎంత హాయిగా ఉందో తెలుసా!

నిమ్మలకుంట గుర్తుందా? తోలుబొమ్మ సీత మెడలో నగలన్నీ చిల్లులే. తోలును పొడిచి పొడిచి హారాలు చేస్తారు, వెనక దీపం పెడితేనే అవి నగలవుతాయి. 2020లో అక్కడి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు నువ్వు నాకు ఫోన్ చేసి అరిచావు. ధర్మవరానికి అంత దగ్గరలో ఆ ఊరు, ఇటు పక్క చిల్లులతో పట్టు, అటు పక్క చిల్లులతో తోలు. మధ్యలో తిరుగుతూ నేను ఖాళీ కనిపిస్తే పూడ్చాలని చూశాను ఇన్నేళ్లు. మనం మళ్లీ వెళ్దామే. ఈసారి వాళ్ల ఉలులు చూడాలి, ఏ చిల్లుకు ఏ ఉలి అని, అప్పుడు బొమ్మలే చూశాం కానీ…

మూడున్నర అయిపోయింది. అడగాల్సింది అడిగేస్తాను.

మధ్యలో కొన్ని అట్టలు చెదలు తినేశాయి. అక్కడ పిందె విరిగింది. మామ ఆపరేషన్ అయ్యాక కొత్తవి కొట్టిస్తానంటున్నాడు, పక్క పిందె అట్టలు కింద పెట్టి చూసుకుంటూ కొడితే సరిపోతుందట. కొత్త అట్టలు మరీ కొత్తగా ఉంటాయి. వాటి మీద పాతవాటికి ఉన్నట్టు అతుకులు వెయ్యాలనుంది. నువ్వు గుంతకల్లు నుంచి రాసిన ఇన్‌లాండ్ లెటర్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి. వాటితో వెయ్యనా? నీ అక్షరాల మీద చిల్లులు పడతాయి, కొన్ని మాటలు పోతాయి. ఏ ఉత్తరాలు వద్దో చెప్పు, ఆ ఎండాకాలంవి ఎలాగూ తియ్యను. నువ్వు సరే అంటేనే కత్తెర పడుతుంది. ఫోన్లో చెప్పకు, రాసి పంపు. నీ కొత్త రాత కూడా ఒక ముక్క కావాలి, ఎందుకంటే ఆఖరి అట్టకు

మరిది కింద హారన్ కొడుతున్నాడు. ఉంటానే.