చెక్క హ్యాచ్‌లు ఇంకో మూడు వారాలు పడతాయి

తెరచాప పడవల హ్యాచ్‌లు, అంటే పడవ పైభాగంలోని ద్వారాల మూతలు, మా దగ్గర మార్పించుకుంటున్న వాళ్లందరికీ నమస్కారం. ఈ వారం ఇస్తామన్న చెక్క హ్యాచ్‌లు ఇవ్వలేకపోతున్నాం. తప్పు పనివాళ్లది కాదు, నాది.

కొత్త ప్లైవుడ్ మూతలకు ముందు ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) పూసి, దాని మీద వార్నిష్ వేస్తాం. ఎపాక్సీ నీటిని ఆపుతుంది కానీ ఎండకు తట్టుకోదు, అందుకని పైన వార్నిష్ ఉండాల్సిందే. అయితే చల్లగా, తేమగా ఉన్న రోజుల్లో ఎపాక్సీ గట్టిపడేటప్పుడు పైకి మైనంలాంటి పలుచని పొర తేలుతుంది. చాలాసార్లు కంటికి ఆనదు. మామూలు నీళ్లతో కడిగితే పోతుంది. కడిగాకే గరుకు కాగితం పట్టాలి, లేకపోతే ఆ జిడ్డు మూతంతా పులుముకుంటుంది. గడువు దగ్గరపడిందన్న టెన్షన్‌లో నేనే కడగకుండా రుద్దించేశాను. నాలుగు రోజులైనా వార్నిష్ వేలికి అంటుకుంటూనే ఉంది.

ఎలాగో ఆరబెట్టి ఇచ్చేస్తే కొన్నాళ్లు మెరుస్తూనే ఉండేవి. తర్వాత పొరలు పొరలుగా లేచిపోయేవి. అలా ఇవ్వడానికి మనసొప్పలేదు. వార్నిష్ మొత్తం గీకేసి, కడిగి, మళ్లీ ఆరు పూతలు వేస్తున్నాం. ప్రతి పూతా ఆరాక 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్ది, ఆ తర్వాతే ఇంకోటి. మూడు వారాలు అందుకే. ఈ ఖర్చు మీ బిల్లులో పడదు.

అక్రిలిక్ (గాజులాంటి ప్లాస్టిక్) పలకలు మార్చిన హ్యాచ్‌లు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. పలక చుట్టూ అంత సందు ఎందుకు వదిలారని ఒకరు అడిగారు. అక్రిలిక్ వేడికి ఫ్రేములోని అల్యూమినియం కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది. అర మీటరు పలక 30 డిగ్రీల తేడాకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. బిగించి కూర్చోబెడితే సీలెంట్ (సందులు మూసే జిగురు) ఊడుతుంది, లేదంటే పలకే పగులుతుంది. ఆ సందులో మెత్తని సీలెంట్ ఉంది, దాన్ని కోయకండి. తుడవడానికి సబ్బునీళ్లు చాలు. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు, అసిటోన్, స్పిరిట్ తగిలితే సన్నటి పగుళ్లు వచ్చేస్తాయి.

ఇంకో సంగతి. రెండు పడవల్లో పాత ఫ్రేము తీసేసరికి స్క్రూ రంధ్రాల చుట్టూ డెక్ (పడవ పైతలం) లోపలి బాల్సా అనే తేలికపాటి చెక్క నానిపోయి నల్లబడింది. కుళ్లినంత మేర తీసేసి, చిక్కటి ఎపాక్సీ నింపి, మళ్లీ రంధ్రాలు వేయాలి. ఇది మొదట చెప్పిన లెక్కలో లేని పని. ఆ ఇద్దరికీ ఫొటోలు పంపాను, వాళ్లు సరేనన్నాకే చెయ్యి పెడతాం.

ఈలోగా పడవ వానలో తడుస్తుందని భయపడే వాళ్లు చెప్పండి, తాత్కాలిక మూత బిగించి ఇస్తాం. అది వాననైతే ఆపుతుంది. దానితో మాత్రం సముద్రంలోకి వెళ్లకండి.